మశూచికి, తట్టుకు తేడా చెప్పిన వైద్యుడు అల్ రాజీ

ఇంట్లో పసిపిల్లకు మూడు రోజులుగా జ్వరం. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. నాలుగో రోజు ముఖం మీద ఎర్రటి దద్దు కనిపించింది. ఇది తట్టా, ఆటలమ్మా, వేడి చేసి వచ్చిన పేలడమా? ఇంటిల్లిపాదీ తలో మాట చెబుతారు. మశూచి ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న వేస్తుంటే పెద్దల గొంతు వణికేది. ఎందుకంటే జవాబును బట్టే ఆ బిడ్డ బతుకు మీద, ఇంట్లోని మిగతా పిల్లల మీద ఆశ పెట్టుకోవడమో, వదులుకోవడమో ఉండేది.

ఈ ప్రశ్నను పదకొండు వందల ఏళ్ల కిందటే ఒక వైద్యుడు రోగి మంచం పక్కన కూర్చుని వేసుకున్నారు. తాను చూసిందంతా ఓపికగా పుస్తకంగా రాసిపెట్టారు. ఆయన పేరు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ. ఆయన జీవిత విశేషాలను ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

అల్ రాజీ హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్‌లోని రయ్ నగరంలో జన్మించారు. రయ్ వాసి కనుకనే ఆయనకు రాజీ అన్న పేరు వచ్చింది. ఆ ప్రాచీన నగరం నేడు టెహ్రాన్ మహానగరానికి దక్షిణాన అందులోనే కలిసిపోయి ఉంది. యవ్వనంలో ఆయన ఊద్ వాయించేవారని, పాడేవారని, ఆ తర్వాత రసవాదం వైపు మళ్లారని చరిత్రకారులు చెబుతారు. వైద్యం నేర్చుకోవడం మొదలు పెట్టేనాటికి ఆయన వయసు ముప్పై దాటిందని కూడా అంటారు. చదువుకు వయసు దాటిపోయిందని చింతించే వారికి ఈ ఒక్క విషయం చాలు.

ఆలస్యంగా మొదలు పెట్టినా అల్ రాజీ అందరినీ మించిపోయారు. రయ్ నగర ఆసుపత్రికి పెద్ద వైద్యుడయ్యారు. బాగ్దాద్‌లోనూ ఆసుపత్రి బాధ్యతలు వహించారు. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాక్ పేరిట పది భాగాల వైద్య గ్రంథం రాశారు. కితాబుల్ మన్సూరీగా ప్రసిద్ధి చెందినది అదే.

బాగ్దాద్ ఆసుపత్రి గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆసుపత్రికి స్థలం ఎంచుకోమంటే అల్ రాజీ నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ముక్క ఆలస్యంగా కుళ్లిందో ఆ చోటును ఎంచుకున్నారని ఆ కథ. దీన్ని అదుదీ ఆసుపత్రికి ముడిపెట్టి చెబుతారు. కానీ ఆ ఆసుపత్రి తెరిచింది 982లో. అప్పటికి అల్ రాజీ మరణించి యాభై ఏళ్లు దాటింది. కాబట్టి ఆ కథను చరిత్రగా తీసుకోలేము. అయితే ఊహ మీద ఆధారపడకుండా పరీక్షించి చూసే మనిషిగానే జనం ఆయనను గుర్తు పెట్టుకున్నారని మాత్రం దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆయన రోగులను చూసే తీరును ఇబ్నున్నదీమ్ తన గ్రంథంలో వర్ణించారు. అల్ రాజీ మధ్యలో కూర్చునేవారు. ఆయన దగ్గరగా శిష్యులు, వారి వెనుక శిష్యుల శిష్యులు, ఆ వెనుక మరో వరుస. వచ్చిన రోగి తన బాధను మొదట వెలుపలి వరుసకు చెప్పుకోవాలి. వారికి తెలియకపోతే లోపలి వరుసకు. అక్కడా తేలకపోతే అల్ రాజీ స్వయంగా చూసేవారు. వైద్యం, వైద్య విద్య రెండూ అలా ఒకే చోట సాగేవి. పేదలను ఆయన ఎంతో దయతో చూసేవారని, ఉచితంగా వైద్యం చేయడమే గాక వారికి ధనసహాయం కూడా చేసేవారని ఇబ్నున్నదీమే రాశారు. వైద్యుడు అందుబాటులో లేని వారి కోసం అల్ రాజీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. చుట్టుపక్కల సులువుగా దొరికే వాటితో ఎలా చికిత్స చేసుకోవచ్చో అందులో వివరించారు.

అల్ రాజీ గొప్పదనం ఆయన తన పొరపాట్లను రాసుకున్న తీరులో కూడా కనిపిస్తుంది. అబ్దుల్లా బిన్ సవాదా అనే రోగికి జ్వరం ఒకసారి రోజూ వచ్చేది, ఒకసారి రోజు విడిచి రోజు, మరోసారి ఆరు రోజులకు. ముందు చిన్నగా వణుకు. మూత్రం మాటిమాటికీ వచ్చేది. ఇది నాలుగో రోజు జ్వరంగా మారుతుందా, లేక మూత్రపిండాలలో పుండు ఉందా అని అల్ రాజీ సందేహించారు. కొద్ది రోజులకే మూత్రంలో చీము పడింది. రోగం మూత్రపిండాలలోనే ఉందని తేలిపోయింది. దానికి తగిన చికిత్స చేసి నయం చేశారు. ఆ తర్వాత ఆయన తన నోటు పుస్తకంలో ఏం రాసుకున్నారో చూడండి. లేచి నిలబడినప్పుడు నడుములో బరువుగా ఉంటుందా అన్న ప్రశ్న తాను రోగిని అడగలేదని, అడిగి ఉంటే మొదటే తేలిపోయేదని ఒప్పుకున్నారు. రోగి బాగుపడ్డాక వైద్యుడి తప్పు ఎవరికీ పట్టదు. అయినా ఆయన రాసిపెట్టారు. తన తర్వాత వచ్చే వైద్యుడు ఆ ప్రశ్న అడగడం మరిచిపోకూడదు కదా.

పాతకాలపు మహావైద్యుల పట్ల కూడా ఆయన తీరు ఇదే. గ్రీకు వైద్యుడు గాలెన్‌ను తన గురువుగా గౌరవించారు. అయినా గాలెన్ రాసిన వాటిలో తన అనుభవానికి సరిపోనివి ఎంచి, సందేహాల పేరుతో ఏకంగా ఒక గ్రంథం రాశారు. మెదడు పొరల వాపు వంటి వ్యాధి వచ్చినప్పుడు రక్తం తీయడం మంచిదా కాదా అని తెలుసుకోవడానికి కొందరు రోగులకు రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి పోల్చి చూశారు. రక్తం తీయడం మేలని ఆయన తేల్చారు. నేటి వైద్యం ఆ తీర్పును అంగీకరించదు. కానీ రెండు వర్గాలను పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆ పద్ధతి మీదే నేటి మందుల పరీక్షలన్నీ నడుస్తున్నాయి.

ఇక ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన చిన్న గ్రంథం కితాబుల్ జుదరీ వల్ హస్బా. జుదరీ అంటే మశూచి, ఉర్దూలో చేచక్. హస్బా అంటే తట్టు, ఉర్దూలో ఖస్రా. మశూచి గురించి అంతకు ముందు వైద్యులకు తెలియదని కాదు. కానీ ఒంటి మీద పొక్కులు పోసే ఈ రెండు రోగాలను పక్కపక్కన పెట్టి, దేనికది ఎలా పోల్చుకోవాలో అంత వివరంగా చెప్పిన మొదటి గ్రంథం ఇదే. పొక్కులు బయటపడక ముందే రోగాన్ని పసిగట్టాలని ఆయన తాపత్రయం. విడవని జ్వరం, వీపు నొప్పి, ముక్కులో దురద, నిద్రలో ఉలికిపాటు, ముఖం కళ్లు ఎర్రబడటం, గొంతు బొంగురుపోవడం వంటి గుర్తులను వరుసగా రాశారు. వీపు నొప్పి ఎక్కువైతే మశూచి వైపు, వికారం, కలవరం ఎక్కువైతే తట్టు వైపు అనుమానించాలని చెప్పారు. పొక్కుల రంగును, అవి పోసిన తీరును బట్టి ఏ రోగి బతికే అవకాశం ఉంది, ఎవరి పరిస్థితి విషమం అన్నది కూడా వివరించారు. మశూచి వల్ల చూపు పోయేవారు ఎందరో. అందుకే కళ్లను ఎలా కాపాడుకోవాలో ప్రత్యేకంగా రాశారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. రోగం గుర్తులను అంత బాగా పట్టుకున్న అల్ రాజీ దాని కారణాన్ని పట్టుకోలేకపోయారు. పసివారి రక్తం పులిసి పొంగడం వల్ల మశూచి వస్తుందని ఆయన భావించారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని ఆ గ్రంథంలో చెప్పలేదు. క్రిములను చూసే సాధనం లేని కాలమది.

అంటువ్యాధి వ్యాపించకుండా చూడాలన్న ఆలోచన మాత్రం ఆ సమాజానికి కొత్త కాదు. హిజ్రీ 18లో సిరియాలో అమ్వాస్ ప్లేగు చెలరేగినప్పుడు హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోట నుంచే వెనుదిరిగారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊరిలో ప్లేగు వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించినట్లు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) అప్పుడు తెలియజేశారు. తర్వాత 14వ శతాబ్దపు మహా ప్లేగులో గ్రెనడాకు చెందిన ఇబ్నుల్ ఖతీబ్, రోగి బట్టలు, పాత్రలు తాకిన వారికి రోగం సోకడాన్ని ఆధారంగా చూపి, ఇది అంటువ్యాధేనని వాదించారు. ఒకరు రోగాన్ని పోల్చారు. మరొకరు అది పాకే దారిని చూపారు.

అల్ రాజీ రాత్రింబవళ్లు చదువుతూ, రాస్తూ ఉండేవారు. చివరి రోజుల్లో ఆయన చూపు పోయింది. అందరి కళ్లను కాపాడమని రాసిన మనిషి చీకటిలో మిగిలారు. తత్వ విషయాలలో ఆయన అభిప్రాయాలను నాటి ధార్మిక పండితులు గట్టిగా ఖండించారు. వైద్యంలో మాత్రం ఆయన స్థానాన్ని ఎవరూ కాదనలేకపోయారు. ఆయన రచనల పట్టిక తయారు చేసిన అల్ బిరూనీ 184 పేర్లు నమోదు చేశారు. హిజ్రీ 313లో, అంటే 925లో, అల్ రాజీ రయ్‌లోనే కన్నుమూశారు.

ఆయన నోటు పుస్తకాలు ఆయన సోదరి దగ్గర మిగిలాయి. వజీర్ ఇబ్నుల్ అమీద్ వాటిని ధనమిచ్చి తీసుకుని, శిష్యుల చేత ఒక చోట చేర్పించారని చెబుతారు. అదే అల్ హావీ అనే మహా గ్రంథం. 1279లో ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు వైద్యుడు దాన్ని లాటిన్ భాషలోకి మార్చారు. శతాబ్దాల పాటు యూరప్ వైద్యులు దాన్ని చదివారు. మశూచి, తట్టు గ్రంథం 1848లో ఆంగ్లంలో కూడా వెలువడింది. అల్ హావీ మూల గ్రంథాన్ని పరిష్కరించి, 1955 నుంచి వరుసగా 23 భాగాలలో అరబీలో అచ్చు వేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. తెలుగు నేల మీద అచ్చయిన ఆ పుస్తకాలను నేటికీ ప్రపంచమంతటా పరిశోధకులు సంప్రదిస్తున్నారు. ఇది మనం గర్వించవలసిన విషయం.

అల్ రాజీ మొదలు పెట్టిన పనికి ముగింపు 20వ శతాబ్దంలో దొరికింది. మశూచిని తరిమినది టీకా ఒక్కటే కాదు, పోల్చుకోవడం కూడా. 1970లలో మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మశూచి పొక్కులు ముఖం మీద, కాళ్లు చేతుల మీద ఎక్కువగా, అన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మ పొక్కులు ఒంటి మధ్య భాగంలో ఎక్కువగా, కొన్ని లేతగా కొన్ని ముదిరి ఉంటాయి. ఈ తేడా చూసి మశూచి రోగిని గుర్తించి, విడిగా ఉంచి, చుట్టూ ఉన్న వారందరికీ టీకాలు వేశారు. 1975లో మన దేశం నుంచి మశూచి తొలగిపోయింది. సహజంగా సోకిన చివరి రోగి 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణంలో కనిపించాడు. అతను ఆసుపత్రి వంటవాడు. అతనికి ముందు మలేరియా అన్నారు, తర్వాత ఆటలమ్మ అని ఇంటికి పంపారు. ప్రపంచంలో చివరి రోగిని కూడా వైద్యులు వెంటనే పోల్చుకోలేకపోయారు! అసలు రోగం తెలిశాక అతను కలిసిన వారిని వెతికి టీకాలు వేసి, వ్యాప్తిని ఆపగలిగారు. 1980 మే 8న మశూచి అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

జుదరీ పోయింది. హస్బా ఇంకా పోలేదు. 2023లో ప్రపంచంలో లక్ష మందికి పైగా తట్టుతో మరణించారని అంచనా. వారిలో అత్యధికులు పసిపిల్లలే. 2022 చివరలో ముంబైలోని గోవండి ప్రాంతంలో తట్టు ప్రబలి పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. తట్టు గాలి ద్వారా పాకుతుంది. దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. అంటే మనం పోల్చుకునేసరికే పక్క పిల్లలకు చేరి ఉండవచ్చు. అందుకే టీకా ముందే పడాలి. 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకటి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేస్తున్నారు.

జ్వరంతో పాటు దగ్గు, కళ్ల ఎరుపు, ముఖం నుంచి కిందికి దిగే దద్దు ఉంటే వేడి చేసిందని సరిపెట్టుకోవద్దు. బిడ్డను మిగతా పిల్లలకు దూరంగా ఉంచి, డాక్టరుకు చూపించండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, దద్దు ఎక్కడ మొదట కనిపించింది, ఇరుగుపొరుగున ఎవరికి వచ్చింది, అన్నీ చెప్పండి. ఒక్క ప్రశ్న అడగలేదని అంతటి అల్ రాజీ బాధపడ్డారు. డాక్టరు అడగడం మరిచినా మనం చెప్పడం మరవకూడదు.