యంత్రశిల్పి పోర్షె

వానకాలంలో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పొలాల్లో దిగిన ట్రాక్టరు ఒక్కొక్కప్పుడు బురదలో నిలిచిపోతుంది. ఇంజనుకు శక్తి చాలక కాదు. బురదలో పడిన చక్రం ఊరకే గిరగిర తిరుగుతుంది. గట్టినేల మీది చక్రం కదలదు. అప్పుడు డ్రైవరు కాలికింది లాకు తొక్కి, రెండు చక్రాలనూ ఒకటిగా బిగించి, బండిని గట్టుకు చేరుస్తాడు. ఇటువంటి చిక్కే 1930 దశకంలో మిక్కిలి శక్తిమంతమైన ఒక పందెపు కారుకు ఎదురైంది. దానిని రూపొందించినవాడు ఫెర్డినాండ్ పోర్షె.

పోర్షె 1875 సెప్టెంబరు 3న బొహీమియాలోని మాఫెర్స్‌డార్ఫ్ గ్రామంలో జన్మించాడు. ఆ ఊరు నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి ఆంటన్ రేకుపనిలో నేర్పరి. కొడుకు తన వృత్తినే చేపట్టాలని ఆయన కోరిక. బాలుని మనసు మాత్రం విద్యుత్తుపై లగ్నమైంది. పగలు తండ్రి వద్ద పని, రాత్రి సాంకేతిక పాఠశాలలో చదువు. పద్దెనిమిదవ ఏట వియన్నా చేరి, విద్యుత్ పరికరాల సంస్థలో పనిచేస్తూ, వీలు చిక్కినప్పుడల్లా అక్కడి సాంకేతిక విద్యాలయంలో పాఠాలు వినేవాడు. పట్టభద్రుడు కాని ఆయనకు తరువాతి కాలంలో ఆ విద్యాలయమే గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

1900లో పారిస్ ప్రదర్శనలో ఆయన విద్యుత్ వాహనం అందరినీ ఆకర్షించింది. అందులో ముందరి రెండు చక్రాల కుదుళ్లలోనే చెరొక మోటారు అమర్చాడు. ఏ చక్రం శక్తి దానిదే కనుక డిఫరెన్షియల్ అవసరమే లేదు. యౌవనంలో ఈ విధంగా తప్పించుకున్న సమస్య అరవై ఏళ్ల వయసులో ఆయనను తిరిగి పట్టుకొన్నది!

ఆస్ట్రో-డైమ్లర్, డైమ్లర్ సంస్థలలో ప్రధాన బాధ్యతలు వహించిన పిమ్మట, 1931లో స్టుట్‌గార్ట్‌లో సొంత కార్యాలయం స్థాపించాడు. ఆటో యూనియన్ సంస్థకై ఆయన రూపొందించిన కారు 1934లో పందేలలో ప్రవేశించింది. పదహారు సిలిండర్ల ఇంజను డ్రైవరు వెనుక ఉండేది. శక్తి సుమారు 295 అశ్వసామర్థ్యం. నిబంధనల ప్రకారం బరువు 750 కిలోలు మించరాదు. అంత తేలికైన బండికి అంత బలం! గంటకు 160 కిలోమీటర్ల వేగంలోనూ వెనుక చక్రాలలో ఒకటి పట్టు తప్పి తిరిగేది.

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం నడవాలి. ఆ తేడాను సర్దడమే డిఫరెన్షియల్ పని. అయితే అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం పట్టు కోల్పోతే, దానికి చెల్లినంత స్వల్పబలమే రెండవదానికీ దక్కుతుంది. ట్రాక్టరు వలె రెండింటినీ బిగించివేద్దామంటే, వేగంగా పోయే కారు మలుపు తిరగక సూటిగా పోజూస్తుంది. మధ్యేమార్గం కావలసి వచ్చింది. 1935లో పోర్షె ఆ పనిని గేర్ల తయారీలో పేరొందిన జెడ్.ఎఫ్. సంస్థకు అప్పగించాడు.

వారు పళ్లచక్రాలకు బదులు, వంపులు గల రెండు వలయాలనూ, వాటి నడుమ జారే చిన్న మేకులనూ అమర్చారు. చక్రాల వేగాలలో కొద్ది తేడా ఉంటే మేకులు జారి దారి ఇస్తాయి. తేడా పెరగబోతే రాపిడి అడ్డుకుంటుంది. ఆ రాపిడి ఎంత ఉండాలన్నదే అసలు చిక్కు: ఎక్కువైతే మలుపు కష్టం, తక్కువైతే పాత కథే. పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించుకొనే నేటి ఔత్సాహికులు సైతం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను ఎంచుకొనేటప్పుడు ఈ లెక్కే వేసుకోవాలి.

1936 నాటికి ఇంజను శక్తి 520కి పెరిగింది. ఆ ఏడు బెర్న్ట్ రోజ్‌మాయర్ జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ గ్రాండ్ ప్రీ పందేలు గెలిచి యూరప్ విజేతగా నిలిచాడు. ఆ ఘనతంతా ఒక్క డిఫరెన్షియల్‌దే అనలేము. పోర్షె ఒక్కడిదీ కాదు.

ఈ పందేలకు నాజీ ప్రభుత్వం ధనసహాయం చేసింది. పోర్షె 1937లో నాజీ పార్టీలో చేరాడు. ఆయన రూపకల్పన చేసిన వోక్స్‌వ్యాగన్ కారు కోసం కట్టిన కర్మాగారంలో, యుద్ధకాలంలో వేలాది మంది చేత నిర్బంధంగా పని చేయించారు. ఆయన ప్రతిభను మెచ్చుకొనేవారు ఈ సంగతిని విస్మరించరాదు. యుద్ధానంతరం ఫ్రెంచివారు ఆయనను నిర్బంధించి 1947 ఆగస్టులో విడిచిపెట్టారు. మరుసటి ఏడాది కుమారుడు ఫెర్రీ ఆధ్వర్యంలో పోర్షె పేరు గల తొలి కారు వెలువడింది. ఫెర్డినాండ్ పోర్షె 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు.