రిజిస్ట్రారు కుర్చీ నుంచి రంగస్థలానికి
కళాశాల విద్యార్థికి నాటకాన్ని చేరువ చేసిన కూర్మా వేణుగోపాలస్వామి

రొంపిచెర్ల: ముఖానికి రంగు పూసుకున్న కుర్రవాడు చదువుకు దూరమవుతాడన్న భయం ఒకప్పుడు పల్నాటి పల్లెల్లో తల్లిదండ్రులను వెంటాడేది. శివరాత్రి జాగరణకు తెల్లవార్లూ కూర్చుని హరిశ్చంద్ర నాటకం చూసిన తండ్రే, తన కొడుకు వేషం కడతానంటే కర్ర అందుకునేవాడు. కళను ఆదరిస్తూనే కళాకారుణ్ణి చిన్నచూపు చూసిన ఆ కాలంలో, నాటకాన్ని విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి సగౌరవంగా తీసుకువచ్చిన వ్యక్తి కూర్మా వేణుగోపాలస్వామి నాయుడు. కె.వి.గోపాలస్వామిగా నాటకరంగానికి సుపరిచితుడైన ఆయన కన్నుమూసి దశాబ్దాలు గడిచాయి. నాటకం చదువులో భాగమేనని ఆయన చేసిన వాదన మాత్రం నేటికీ సజీవంగానే ఉంది.

పెద్దింటి బిడ్డ

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో గోపాలస్వామి జన్మించారు. తండ్రి సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఏలూరులో పేరుమోసిన న్యాయవాది, జస్టిస్ పార్టీ అగ్రనేతలలో ఒకరు. 1920లో మద్రాసు రాష్ట్ర తొలి మంత్రివర్గంలో స్థానం పొందారు. 1936లో తాత్కాలిక గవర్నరుగా, 1937లో సుమారు మూడున్నర నెలల పాటు ప్రధానమంత్రిగా వ్యవహరించారు. అంతటి రాజకీయ వారసత్వం కలిగి, ఇంగ్లండులో చదువుకుని వచ్చిన కుమారుడు న్యాయవాదిగానో, నాయకుడిగానో స్థిరపడతాడని ఎవరైనా భావిస్తారు. ఆయన ఎంచుకున్న దారి వేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రిజిస్ట్రారు బాధ్యతలు స్వీకరించి, ఆ కార్యాలయపు దస్త్రాల నడుమ నాటకానికి చోటు వెతికారు.

గుంటూరు గడ్డపై విశ్వవిద్యాలయం

1926లో బెజవాడలో ప్రారంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. దరిమిలా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి వచ్చి, యుద్ధకాలం గడిచేవరకు ఇక్కడే తలదాచుకుంది. కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడిగా ఉన్న కాలమది. అప్పట్లో గుంటూరు జిల్లా కళాశాలలన్నీ ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 1950లో నరసరావుపేటలో వెలసిన శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల సైతం ఆ గొడుగు కిందికే చేరింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు పల్నాటి పట్టభద్రుల పట్టాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రే ఉండేది. అందుచేత వాల్తేరులో నాటకం గురించి తీసుకున్న నిర్ణయం ప్రభావం మన ప్రాంత విద్యార్థులకూ చేరేది.

పద్యం నుంచి సంభాషణకు

అప్పటికి తెలుగు నాటకం బలహీనంగా ఏమీ లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి హరిశ్చంద్ర ఊరూరా జనాన్ని కట్టిపడేస్తున్నాయి. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలలో ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేస్తున్నారు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలు నిర్వహిస్తున్నది. 1943లో ఆవిర్భవించిన ప్రజానాట్యమండలి కర్షక, కార్మిక జీవితాలను వేదికనెక్కించింది.

ఇన్ని ఉన్నప్పటికీ ఒక లోటు మిగిలింది. నటన నేర్చుకోదలచిన యువకుడు ఏదో ఒక సమాజంలో చేరి, పెద్ద నటుడి అడుగుజాడల్లో నడవవలసిందే. రాగం తీయగల గొంతు ఉంటే వేషం దక్కేది, లేకుంటే తెర లాగే పనే గతి. రంగాలంకరణ, దీపాల అమరిక, పాత్రను అర్థం చేసుకునే పద్ధతి, దర్శకుడి బాధ్యత వంటివి ఒక క్రమంలో బోధించే వేదిక తెలుగునాట అరుదు. గోపాలస్వామి చూపు పడింది అక్కడే. 1940వ దశకంలో ఆయన చొరవతో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రయోగాత్మక రంగస్థలం రూపుదిద్దుకుంది. పేరుకు తగినట్లే అది కొత్తను పరీక్షించి చూసే వేదిక. గొంతెత్తి పద్యం పాడటం కన్నా నిత్యజీవితపు మాటను సహజంగా పలకడానికి అక్కడ ప్రాధాన్యం లభించింది. వాల్తేరు ప్రాంగణంలో ఆరుబయలు రంగస్థలం వెలియడం వెనుక కూడా ఆయన కృషి ఉంది.

పోటీల పుణ్యం

ఆయన సేవలలో పల్లెల వరకు చేరినది అంతర కళాశాలల నాటక పోటీల నిర్వహణ. అనుబంధ కళాశాలల విద్యార్థి బృందాలు ఏకాంకికలను సిద్ధం చేసుకుని వచ్చి పోటీపడేవి. ఇక్కడ రిజిస్ట్రారు పదవికున్న బలాన్ని గమనించాలి. పరీక్షలు, గుర్తింపులు, పట్టాల వ్యవహారాలన్నీ ఆ కార్యాలయం గుండానే సాగుతాయి. నాటక సమాజం పంపిన ఆహ్వానాన్ని ప్రిన్సిపాలు పక్కన పెట్టవచ్చు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని పక్కన పెట్టడం అంత సులభం కాదు. పోటీకి బృందాన్ని పంపడం కళాశాలకు పరువు సమస్యగా మారింది. వేషం కట్టిన విద్యార్థి అల్లరివాడిగా కాక, కళాశాల ప్రతినిధిగా మన్నన పొందాడు.

1954లో ఢిల్లీలో అఖిల భారత స్థాయిలో అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాలు మొదలయ్యాయి. అప్పటికే పోటీలలో రాటుదేలిన తెలుగు విద్యార్థులకు అవి కొత్త వేదికను చూపాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థిగా గొల్లపూడి మారుతీరావు దర్శకత్వం వహించిన మనస్తత్వాలు నాటిక ఆ ఉత్సవాలలో ప్రదర్శితమైంది. తరువాతి కాలంలో ఆయన రచయితగా, నటుడిగా ఎంతటి కీర్తి గడించారో తెలిసిందే.

పోటీలు రచయితలకూ పని కల్పించాయి. తక్కువ పాత్రలతో, స్వల్ప వ్యవధిలో ముగిసే నాటికలకు గిరాకీ పెరిగింది. నిరుద్యోగం, వరకట్నం, చిరుద్యోగి ఇక్కట్లు, ఉమ్మడి కుటుంబపు చీలికలు ఇతివృత్తాలయ్యాయి. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి సంక్రాంతికో, శ్రీరామనవమికో ఊరి పందిట్లో నాటిక వేయడానికి రెండు బల్లలు, ఒక తెర సరిపోయేవి.

విమర్శకు అతీతం కాదు

ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. కళాశాల నాటిక ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతి సమస్యల చుట్టూ తిరిగింది. కారెంపూడిలో వీరవిద్యావంతులు గానం చేసే పల్నాటి వీరచరిత్రకు, తెల్లవారేదాకా సాగే పద్యనాటకానికి అలవాటుపడిన రైతుకు ఆ ముక్తసరి సంభాషణలు చప్పగా తోచాయి. బహుమతినే లక్ష్యంగా పెట్టుకున్న రచనలు కూడా పుట్టుకొచ్చాయి. విశ్వవిద్యాలయపు నాటకం, పల్లె నాటకం ఒకదానినొకటి పూర్తిగా అక్కున చేర్చుకోలేదు. ఇది గోపాలస్వామి ఒక్కరి లోపం కాదు, తరువాతి తరాలూ పూడ్చలేకపోయిన అగాధం.

నాటిన విత్తనం

దేశ రాజధానిలో జాతీయ నాటక విద్యాలయం స్థాపన జరిగింది 1959లో. అంతకు ముందే తెలుగు నేలపై ఒక విశ్వవిద్యాలయం నాటకాన్ని తన కార్యక్రమాలలో చేర్చుకున్నదంటే ఆ ఘనతలో సింహభాగం ఆయనదే. కాలక్రమంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. నటన, దర్శకత్వం పాఠ్యాంశాలయ్యాయి, వాటిని బోధించే అధ్యాపకులు వచ్చారు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా నాటక బోధనకు చోటిచ్చాయి. నాటకంలో పట్టా పుచ్చుకుని, నాటకాన్నే బోధిస్తూ జీవించే వర్గం తెలుగునాట ఆ విధంగా ఏర్పడింది.

ఒక ఉన్నతాధికారి తన కుర్చీకున్న అధికారాన్ని దేనికి వినియోగించాడన్నదే ఆయన జీవితంలోని సారాంశం. దస్త్రాలపై సంతకాలతో సరిపెట్టుకుని ఉంటే గోపాలస్వామి రిజిస్ట్రార్ల జాబితాలో ఒక పేరుగా మిగిలేవారు. ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు వేదిక చూపినందుకే నాటకరంగం ఆయనను గుర్తుంచుకుంది. వార్షికోత్సవ వేళ ఏ కళాశాలలోనైనా ఒక విద్యార్థి తొలిసారి వణుకుతూ వేదికనెక్కి, తండ్రి ముందు తలెత్తుకుని దిగివస్తే, ఆ ధైర్యంలో గోపాలస్వామి కృషికీ కొంత పాలు ఉన్నట్లే.