బండి విప్పిన కుర్రాడు: జి.డి. నాయుడు

మన కాలేజీ పార్కింగ్‌లో కాసేపు నిలబడితే చాలు, రైడర్ అంటే ఎవరో లెక్క తేలిపోతుంది. బుల్లెట్ ఉండాలి. గడ్డం ఉండాలి. సైలెన్సర్ సౌండ్ రెండు వీధుల అవతలికి వినపడాలి. లడఖ్ స్టిక్కర్ ఉంటే ఇంకా మంచిది. స్కూటీ వాళ్లు ఈ లెక్కలోకి రారు. పాత సీడీ హండ్రెడ్ మీద రోజూ ఉయ్యూరు నుంచి వచ్చే మన క్లాస్‌మేట్ అసలే రాడు.

పోయిన సెమిస్టర్‌లో నేనూ సైలెన్సర్ మార్పిద్దామని ఆటోనగర్ వెళ్లాను. మెకానిక్ బాబాయ్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, చైన్‌కి ఆయిల్ ఎప్పుడు వేశావని అడిగాడు. గుర్తు లేదు. ప్లగ్ ఎక్కడుందో చూపించమన్నాడు. మూడో సంవత్సరం మెకానికల్ చదువుతున్నవాణ్ణి, వేలు కాసేపు గాల్లోనే తిరిగింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఏమీ మార్పించకుండానే పక్కకొచ్చి నిలబడ్డా.

ఆ పక్క షెడ్డులో మోటార్లు రివైండింగ్ చేస్తున్నారు. విప్పి పెట్టినవాటిలో చాలావాటి మీద కోయంబత్తూరు అని ఉంది. మా ఊళ్లో పొలం మోటారు మీదా అదే పేరు. అన్నీ అక్కడివే ఎందుకని ఆ రాత్రి వెతుకుతూ పోతే ఒక మనిషి దగ్గర ఆగిపోయాను. చిత్రమేమిటంటే ఆయన కథ మొదలైంది మోటార్‌సైకిల్‌తో.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. బడి అంటే అస్సలు పడేది కాదు. టీచర్ల మీద ఇసుక చల్లేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది.

ఇరవై ఏళ్ల వయసులో ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి నడిపే మోటార్‌సైకిల్ కంటపడింది. ఆ రోజుల్లో మోటార్‌సైకిల్ అంటే దొర. బూట్లు, టోపీ, హోదా. పంచె కట్టుకున్న పల్లెటూరి కుర్రాణ్ణి ఆ సీటు మీద ఎవరూ ఊహించుకోరు. ఈ కుర్రాడు మాత్రం ఆ బండి కోసం కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచి కూడబెట్టిన డబ్బుతో రడ్జ్ మోటార్‌సైకిల్ కొన్నాడు. దాని ధర 300 రూపాయలని చెబుతారు.

కొన్నాక చేసిన పనే ఆయన్ని మార్చేసింది. బండిని మొత్తం విప్పేశాడు. మళ్లీ బిగించాడు. చూపించే గురువు లేడు, యూట్యూబ్ లేదు, సప్లీ భయం కూడా లేదు. పల్లెటూరి కూలి కుర్రాడు మెకానిక్ అయ్యింది అలాగే.

ఇక్కడ స్కూటీ వాళ్ల కోసం ఒక మాట. ఆ కాలంలో రడ్జ్ కంపెనీ బళ్లలో పేరు మోసింది మల్టీ. లివర్ కదిపితే పుల్లీ పళ్లేల మధ్య దూరం మారేది, దాంతో బెల్ట్ పైకీ కిందికీ జరిగి గేరింగ్ మారేది. 1914లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టీటీ రేసు గెలిచింది ఆ మల్టీయే. ఇవాళ మనం గేర్లు లేవని ఎగతాళి చేసే స్కూటీలో ఉన్నదీ ఆ సూత్రమే. కాకపోతే లివర్ పని ఇప్పుడు రోలర్లు చేస్తున్నాయి.

నాయుడు గారు బండి దగ్గర ఆగిపోలేదు. పత్తి వ్యాపారంలో సంపాదించారు, బొంబాయి వెళ్లి అదంతా పోగొట్టుకున్నారు. తిరిగొచ్చి, స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. 1937లో పీలమేడులోని ఆయన ఫ్యాక్టరీ నుంచి, బాలసుందరం నాయుడు గారి డిజైన్‌తో దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికొచ్చింది. షెడ్డులో నేను చూసిన పేరు వెనక ఇంత కథ ఉంది. బ్యాటరీతో నడిచే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన చేసినవే. 1952లో రెండు వేల రూపాయలకి ఇవ్వగలిగిన రెండు సీట్ల కారు తయారుచేస్తే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు.

మనకి బాగా తగిలే ముక్క ఇంకోటుంది. 1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. బడి ఎగ్గొట్టిన మనిషి దానికి ప్రిన్సిపాల్! నాలుగేళ్ల కోర్సు దండగ, చేత్తో పని నేర్పితే రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఆయనకి షో తెలియదని కాదు. పన్నుల మీద కోపంతో తాను చేసిన రేడియోలనీ రేజర్లనీ జనం ముందే పగలగొట్టించిన మనిషి. కానీ పగిలిన ప్రతి వస్తువూ తన చేత్తో పుట్టిందే. మనం సైలెన్సర్ కోసి సౌండ్ పెంచుతాం, సౌండ్ ఎక్కడ పుడుతుందో చూడం.

అలాగని ఇంజన్ విప్పడం రానివాడు రైడరే కాదంటే అది ఇంకో స్టిక్కర్ అవుతుంది. డిక్కీలో ఎప్పుడూ ఒక క్లచ్ కేబుల్ పెట్టుకుని, తెగితే బందరు రోడ్డు పక్కనే మార్చుకుని క్లాసుకి టైముకి వచ్చే ఉయ్యూరు కుర్రాణ్ణి ఇన్నాళ్లూ మనం లెక్కలో వెయ్యలేదు. నన్ను నేను వేసుకున్నాను. ఆ లెక్క తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

వచ్చే ఆదివారం మళ్లీ ఆటోనగర్ వెళ్తున్నా. ఈసారి సైలెన్సర్ కోసం కాదు. ప్లగ్ నేనే విప్పుతానని బాబాయ్‌ని అడిగా, పాత బట్టలు వేసుకుని రమ్మన్నాడు. స్కూటీ వాళ్లు కూడా రావచ్చు.