రూపర్ట్ గూల్డ్

రూపర్ట్ థామస్ గూల్డ్ (నవంబరు 16, 1890 - అక్టోబరు 5, 1948) బ్రిటిష్ నౌకాదళ అధికారి, రచయిత, గడియారాల చరిత్రకారుడు. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ తయారుచేసిన నాలుగు సముద్ర గడియారాలను విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించినందుకు ఈయన ప్రసిద్ధుడు.

జీవితం

గూల్డ్ ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ సమీపంలో సౌత్‌సీలో జన్మించాడు. చిన్న వయసులోనే నౌకాదళంలో చేరాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన సమయంలో తీవ్రమైన మానసిక అస్వస్థతకు గురయ్యాడు. కోలుకున్న తరువాత ఓడపై కాక, సముద్ర పటాలను తయారుచేసే నౌకాదళ విభాగంలో పనిచేశాడు. గడియారాల మరమ్మతులో ఈయనకు వృత్తిపరమైన శిక్షణ లేదు.

హారిసన్ గడియారాలు

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. సుమారు 82 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న కోనసీమలోని ఉప్పలగుప్తంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు గ్రీనిచ్‌లో ఉదయం సుమారు ఆరున్నర అవుతుంది. కనుక గ్రీనిచ్ సమయాన్ని తప్పకుండా చూపే గడియారం ఉంటే నావికుడు తన రేఖాంశాన్ని లెక్కకట్టవచ్చు. హారిసన్ (1693-1776) ఇందుకోసమే ఈ గడియారాలను నిర్మించాడు. మొదటిది సుమారు 34 కిలోల బరువుంటుంది. నాలుగవది 13 సెంటీమీటర్ల వ్యాసం గల పెద్ద జేబుగడియారం వంటిది.

పునరుద్ధరణ

1920లో గూల్డ్ వీటిని గ్రీనిచ్ వేధశాలలో చూశాడు. అవి చిలుము పట్టి ఆగిపోయి ఉన్నాయి. మొదటి గడియారంలో కొన్ని భాగాలు లేనే లేవు. రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ డైసన్ అనుమతితో, ప్రతిఫలం తీసుకోకుండా గూల్డ్ పని మొదలుపెట్టాడు. 700కు పైగా భాగాలున్న మూడవ గడియారానికే ఏడేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో ఆయన వివాహ జీవితం విచ్ఛిన్నమైంది, ఉద్యోగం పోయింది. అయినా పని విడువలేదు. 1933లో మొదటి గడియారం మళ్ళీ నడవడంతో ఈ కార్యం పూర్తయింది.

భాగాల నమోదు

గడియారం విప్పేవారు ముందుగా స్ప్రింగు బిగువును సడలిస్తారు. తరువాత భాగాలను విప్పిన వరుసలోనే గళ్ళున్న పళ్ళెంలో పెట్టి, దుమ్ము పడకుండా మూత వేస్తారు. చూడటానికి ఒకేలా ఉన్న మరల పొడవులో తేడా ఉండవచ్చు. ఒకదాని చోట మరొకటి బిగిస్తే కింది చక్రం దెబ్బతింటుంది. మామూలు గడియారంలో పోయిన భాగానికి బదులు దొరుకుతుంది. హారిసన్ గడియారాలు ఒక్కొక్కటే ఉన్నాయి కనుక ఆ అవకాశం లేదు.

ఏళ్ళ తరబడి సాగే పనిలో పళ్ళెం ఒక్కటే చాలదు, జ్ఞాపకం అసలే చాలదు. గూల్డ్ తాను చూసిన నిర్మాణాన్ని, చేసిన పనిని రంగు సిరాలతో, బొమ్మలతో 18 నోటు పుస్తకాలలో నమోదు చేశాడు. అందువలన ఆయన పరిశ్రమ ఆయనతోనే ముగిసిపోక, తరువాతి నిపుణులకు ఆధారంగా మిగిలింది.

రచనలు, గుర్తింపు

1923లో గూల్డ్ ప్రచురించిన సముద్ర గడియారాల చరిత్ర ఈ విషయంపై ప్రామాణిక గ్రంథంగా పేరుపొందింది. లాక్‌నెస్ వింతజంతువు గురించి 1934లో ఒక పుస్తకం రాశాడు. బి.బి.సి. రేడియోలో ప్రసంగాలు చేశాడు. 1947లో బ్రిటిష్ గడియార శాస్త్ర సంస్థ బంగారు పతకం అందుకున్నాడు. మరుసటి సంవత్సరం కాంటర్‌బరీలో మరణించాడు.

ఆయన బాగుచేసిన గడియారాలు గ్రీనిచ్‌లో ప్రదర్శనలో ఉన్నాయి. మొదటి మూడూ నడుస్తున్నాయి. నూనె అవసరమైన నాలుగవదాన్ని అరుగుదల నుండి కాపాడటానికి ఆపి ఉంచారు.