కాంతిని ఔషధంగా మలచిన ఫిన్సెన్

సూర్యుడు లేనిదే జీవం లేదన్న సత్యం అందరికీ తెలిసినదే. అయితే సూర్యకాంతిలో ఏ అంశం మేలు చేస్తుంది, ఏ అంశం కీడు చేస్తుంది, దానిని ఎంత మోతాదులో వాడుకోవాలి అన్న ప్రశ్నలకు ప్రయోగాల ద్వారా సమాధానం వెదకిన వైద్యులలో అగ్రగణ్యుడు నీల్స్ రీబెర్గ్ ఫిన్సెన్. నేడు ఆసుపత్రులలోను, మంచినీటి శుద్ధి కేంద్రాలలోను, చివరకు ఇళ్లలోని చేపల తొట్లలోను సూక్ష్మజీవులను నిర్మూలించడానికి అతినీలలోహిత దీపాలు వాడుతున్నారు. కాంతిని మందువలె కొలిచి వాడవచ్చునన్న విశ్వాసాన్ని వైద్యలోకానికి కలిగించినవాడు ఫిన్సెన్.

ఆయన 1860 డిసెంబరు 15న ఫారో దీవులలోని టోర్స్‌హావన్ పట్టణంలో జన్మించాడు. డెన్మార్క్ రాజ్యానికి చెందిన ఆ దీవులు ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఉన్నాయి. అక్కడ శీతకాలపు పగళ్లు చాలా చిన్నవి. మబ్బులు, మంచు, గాలివానలు నిత్యకృత్యాలు. సూర్యదర్శనం అపురూపమైన ఆ నేలపై పుట్టిన బాలుడు వెలుగు కోసం పరితపించడంలో ఆశ్చర్యం లేదు. తండ్రి హానెస్ ఫిన్సెన్ ఐస్‌లాండ్ వంశీయుడు, ప్రభుత్వోన్నతాధికారి. నీల్స్ పసితనంలోనే, నాలుగేళ్ల ప్రాయంలో, తల్లిని కోల్పోయాడు.

విద్యార్థిగా ఫిన్సెన్ ప్రతిభావంతుడని ఎవరూ అనుకోలేదు. 1874లో అతనిని డెన్మార్క్‌లోని హెర్లుఫ్స్‌హోమ్ పాఠశాలకు పంపారు. అక్కడి ఉపాధ్యాయులు అతని మంచి మనసును మెచ్చుకున్నారే గాని చదువులో చురుకుదనం లేదని పెదవి విరిచారు. రెండేళ్ల తరువాత తండ్రి అతనిని ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్‌లో తాను చదివిన పాఠశాలలోనే చేర్పించాడు. 1882లో పాఠశాల చదువు ముగిసేనాటికి పదిహేనుమందిలో అతనిది పదకొండవ స్థానం. అదే ఏడు అతడు వైద్యవిద్య కోసం కోపెన్‌హాగన్ చేరాడు.

వైద్యవిద్యార్థిగా ఉండగానే ఒక దీర్ఘవ్యాధి ఆయనను ఆవరించింది. గుండెను, కాలేయాన్ని చుట్టిన పొరలు క్రమంగా దళసరెక్కి, ఆ అవయవాల పని కుంటుపడసాగింది. ఉదరంలో నీరు చేరేది. దానిని వైద్యులు పలుమార్లు తీయవలసి వచ్చేది. ఆ స్థితిలో ఆయన గది ఉత్తరముఖంగా ఉండి, ఎండ సోకనిదై ఉండేది. ఎండ తగిలినప్పుడు తన దేహానికి తేజస్సు వచ్చినట్లు ఆయనకు అనిపించేది. ఒకనాడు ఇంటికప్పుపై పడుకున్న పిల్లి, నీడ తనను సమీపించినప్పుడల్లా లేచి మళ్లీ ఎండలోకి జరగడం ఆయన గమనించాడు. జంతువు సహజంగా కోరుకునే ఆ వెలుగులో ఏ శక్తి దాగి ఉందో తెలుసుకోవాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఆ అన్వేషణకు పూర్వులు కొంత బాట వేసి ఉంచారు. 1801లో జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్, ఊదారంగుకు ఆవల కంటికి కనిపించని కిరణాలున్నాయని కనుగొన్నాడు. అవే అతినీలలోహిత కిరణాలు. 1877లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు, ఎండలో ఉంచిన ద్రవంలో సూక్ష్మజీవులు పెరగవని నిరూపించారు. కాంతి సూక్ష్మజీవులకు శత్రువని తేలింది. కాని ఆ శత్రుత్వాన్ని రోగికి ఉపకరించేలా మలచడం ఎలాగన్నది మిగిలిపోయింది.

1890లో వైద్యపట్టా పొందిన ఫిన్సెన్, శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాడు. 1892లో ఇంగెబోర్గ్ బాల్స్‌లెవ్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం ఉద్యోగం వదలి పరిశోధనకే అంకితమయ్యాడు. ఆయన ప్రయోగాలకు తొలి సాధనం ఆయన దేహమే. ముంజేతిపై సిరాతో నల్లని పట్టీ గీసుకొని తీవ్రమైన ఎండలో కూర్చున్నాడు. సిరా లేని చోట చర్మం కమిలింది. సిరా కింద తెల్లగానే ఉంది. కొన్నాళ్లకు సిరా లేకుండా మళ్లీ ఎండలో ఉంచాడు. ఈసారి కమిలినది అంతకుముందు తెల్లగా మిగిలిన పట్టీయే. చర్మంలోని నల్లని వర్ణం ఎండ తాకిడిని అడ్డుకునే కవచమని ఆయన గ్రహించాడు. ఇంకొక ప్రయోగంలో చెవితమ్మె వెనుక ఫోటో కాగితం ఉంచి ముందునుండి కాంతిని ప్రసరింపజేశాడు. చెవితమ్మెను గాజుపలకల మధ్య నొక్కి రక్తాన్ని తొలగించినప్పుడే కాగితం నల్లబడింది. కిరణాలు లోపలికి చేరకుండా రక్తం అడ్డుపడుతున్నదని తేలింది.

1893లో ఆయన మశూచి రోగులపై దృష్టి సారించాడు. నీలి, అతినీలలోహిత కిరణాలు పొక్కులను ఉద్రేకపరుస్తాయని భావించి, ఎర్రని తెరలు కట్టిన గదులలో రోగులను ఉంచాలని సూచించాడు. ఈ పద్ధతి కొంతకాలం ప్రచారం పొందినా, తరువాతి కాలంలో నిలవలేదు. ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినది మరొక వ్యాధికి చేసిన చికిత్స.

ఆ వ్యాధి లూపస్ వల్గారిస్ అనే చర్మక్షయ. క్షయ సూక్ష్మజీవులు ముఖచర్మాన్ని ఆక్రమించి ముక్కును, పెదవులను, చెక్కిళ్లను తినివేసేవి. అది రోగి ప్రాణాన్ని వెంటనే తీయదు. కాని ముఖాన్ని వికృతం చేసి సమాజం నుండి దూరం చేస్తుంది. ముఖాన్ని గుడ్డతో కప్పుకొని చీకటి గదులలో బ్రతుకు వెళ్లదీసేవారెందరో. కాల్చడం, కోయడం వంటి నాటి చికిత్సలు వ్యాధిని మించిన బాధలు. 1895 నవంబరులో, ఎనిమిదేళ్లుగా ఈ వ్యాధితో బాధపడుతున్న ఒక ఇంజనీరుకు ఫిన్సెన్ కాంతి చికిత్స ప్రారంభించాడు. విద్యుత్ ఆర్క్ దీపపు వెలుగును కటకాల ద్వారా వ్రణంపై కేంద్రీకరించాడు. చర్మం కాలకుండా నీటితో చల్లబరచాడు. క్రమంగా పుండు మానింది.

1896లో దాతల సహకారంతో, ప్రభుత్వ సహాయంతో కోపెన్‌హాగన్‌లో కాంతి చికిత్సాలయం వెలసింది. అక్కడ ఒక్కొక్క దీపానికి దూరదర్శినుల వంటి నాలుగు గొట్టాలు అమర్చి, నలుగురికి ఒకేసారి చికిత్స చేసేవారు. ప్రతి రోగి పక్కన ఒక నర్సు కూర్చొని, చల్లని నీరు ప్రవహించే స్ఫటికపు బిళ్లను వ్రణంపై అదిమి పట్టేది. చెవితమ్మె ప్రయోగంలో నేర్చుకున్న పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది. చికిత్స నెలల తరబడి సాగేది. తొలి ఐదేళ్లలో 800 మందికి పైగా రోగులు చికిత్స పొందగా, వారిలో అత్యధికులకు స్వస్థత చేకూరింది. 1900లో డెన్మార్క్ ఆడపడుచు, అప్పటి ఇంగ్లండ్ యువరాణి అలెగ్జాండ్రా, లండన్‌లోని ఒక ఆసుపత్రికి ఫిన్సెన్ దీపాన్ని బహూకరించింది.

ఇందరికి ఊరట కలిగించిన వైద్యుడు తన వ్యాధి చేత మాత్రం రోజురోజుకు కృశించిపోయాడు. చివరి సంవత్సరాలు చక్రాల కుర్చీలోనే గడిచాయి. అయినా జిజ్ఞాస సడలలేదు. తాను తీసుకునే ఆహారాన్ని, నీటిని తూచి లెక్కలు వ్రాసుకున్నాడు. దేహంలో ఉప్పు చేరికకు, నీరు పట్టడానికి గల సంబంధంపై తన చివరి పరిశోధన ప్రకటించాడు. 1903లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. బహుమతి ధనంలో గణనీయమైన భాగాన్ని చికిత్సాలయానికి సమర్పించాడు. 1904 సెప్టెంబరు 24న, నలభై మూడేళ్ల వయస్సులో కన్నుమూశాడు.

కాలక్రమంలో క్షయకు ఔషధాలు రావడంతో ఫిన్సెన్ దీపాలు మూలపడ్డాయి. 2005లో డెన్మార్క్ పరిశోధకులు ఆయన పాత పరికరాలను మళ్లీ పరీక్షించి ఒక విశేషం వెల్లడించారు. ఆ కటకాలు 340 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను అడ్డుకుంటున్నాయి. సూక్ష్మజీవులను నేరుగా చంపడంలో ఆరితేరిన కిరణాలు ఇంకా పొట్టివి. కనుక క్షయజీవులలోని పార్ఫిరిన్ అనే పదార్థంపై మిగిలిన కాంతి పనిచేసి వాటిని నశింపజేసి ఉంటుందని వారు భావించారు. చికిత్స ఫలించింది, దాని వివరణ మాత్రం ఒక శతాబ్దం తరువాత మారింది.

ఆ పొట్టి కిరణాలకు అనువైన క్షేత్రం నీరు. 1910లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో త్రాగునీటిని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేశారు. ఆ సూత్రమే నేడు ఇంటి ఆక్వేరియంకు చేరింది. చేపలతొట్టికి అమర్చే యు.వి. స్టెరిలైజర్‌లో పాదరస దీపం స్ఫటిక గొట్టంలో ఉంటుంది. మామూలు గాజు ఈ కిరణాలను అడ్డుకుంటుంది, అందువల్లనే స్ఫటికం. పంపు తోడిన నీరు ఆ గొట్టం చుట్టూ ప్రవహిస్తుంది. సుమారు 254 నానోమీటర్ల కిరణాలు సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీయగా, అవి వృద్ధి చెందలేవు. నీటిని పచ్చగా మార్చే నాచుకణాలు కూడ ఇలాగే తగ్గుతాయి.

ఫిన్సెన్ పాటించిన నియమాలే ఈ చిన్న పరికరానికీ వర్తిస్తాయి. ఆయన రక్తాన్ని తొలగించి కిరణాలకు దారి ఇచ్చినట్లు, నీటిని ముందుగా వడపోసి మడ్డి తొలగించాలి. స్ఫటిక గొట్టంపై పేరుకున్న పాచిని తుడవాలి. ప్రవాహం మరీ వేగంగా ఉంటే కిరణాలకు పని చేసే వ్యవధి చాలదు. దీపం నీలంగా వెలుగుతున్నా కాలం గడిచేకొద్దీ దాని క్రిమినాశక శక్తి క్షీణిస్తుంది కనుక, తయారీదారులు సూచించిన గడువుకు దానిని మార్చాలి. వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడరాదు; అది కంటికి, చర్మానికి హానికరం. ఈ కాంతి తనను దాటి ప్రవహించే నీటిపైనే పనిచేస్తుంది. చేప దేహానికి అంటుకున్న పరాన్నజీవులను అది చేరలేదు. వడపోత సామగ్రిపై స్థిరపడి అమోనియా విషాన్ని విరిచే మేలు చేసే సూక్ష్మజీవులనూ అది తాకదు. మేత మితిమీరి వేసి, నీరు మార్చక, దీపం ఒక్కదానినే నమ్ముకుంటే చేపలు బ్రతకవు.

కాంతి అమృతమూ కాదు, విషమూ కాదు. ఏ కిరణం, ఎంతసేపు, ఎవరిపై అన్న వివేకమే దానిని ఔషధం చేస్తుంది. తరగతిలో వెనుకబడిన బాలుడు, వ్యాధితో మంచం పట్టిన యువకుడు ఆ వివేకాన్ని ఓర్పుతో సాధించి, ముఖం దాచుకున్న వందలాదిమందిని తిరిగి వెలుగులోకి నడిపించాడు. తన దేహాన్ని రక్షించుకోలేకపోయినా, ఆ దేహంతోనే లోకానికి ఉపయోగపడే జ్ఞానాన్ని ఆర్జించిన ఫిన్సెన్ జీవితం చిరస్మరణీయం.