అట్టలు కట్టిన బాలుడు: మైకేల్ ఫారడే

1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండన్ నగర సమీపమున ఒక పేద కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు మాత్రమే ఆయన బడిలో నేర్చినవి. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, ఏడేండ్లు అచ్చటనే గడపెను. యజమాని సహృదయుడగుటచే, అట్ట కట్టుటకు వచ్చిన గ్రంథములను ఆ బాలుడు చదువుకొనుచుండెను. ఒక విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తును గూర్చిన వ్యాసమును, శ్రీమతి జేన్ మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును ఆయన జీవితమునకు దారి చూపినవి.

1812లో హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములను విని, వానిని వ్రాసికొని, తన చేతులతో అట్ట కట్టి ఆయనకే పంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీకి సహాయకుడయ్యెను.

విద్యుత్తు ప్రవహించు తీగచెంత దిక్సూచిముల్లు ప్రక్కకు తిరుగునని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్ కనుగొనెను. తీగ ముల్లును తాకకయే త్రిప్పుచున్న దెట్లు? ఫారడే ఈ విషయమును విడువక పరిశోధించెను. 1821లో పాదరసమున అయస్కాంతమును నిలిపి, విద్యుత్తు ప్రవహించు తీగ దాని చుట్టును తిరుగునట్లు చేసెను. నేడు మన చేలకు నీరు తోడు మోటారునకు మూలసూత్ర మిదియే. తీగచుట్టలో అయస్కాంతమును కదల్చినచో విద్యుత్తు పుట్టునని 1831లో నిరూపించెను. జలవిద్యుత్కేంద్రములు పనిచేయుట ఈ ధర్మముచేతనే.

అయస్కాంతముపై కాగితము పరచి, ఇనుపరజను చల్లి మెల్లగా తట్టినచో, రజను ఒక కొననుండి మరియొక కొనకు వంపువరుసలుగా తీరును. నిలువు తీగ చుట్టునైనచో వలయములుగా తీరును. బలము వస్తువునందే గాక దాని చుట్టునున్న చోటునందును వ్యాపించి యుండునని ఫారడే ఆ వరుసలనుబట్టి గ్రహించెను. ఉన్నతగణిత మెరుగని వాని ఊహయని పలువురు దీనిని లెక్కగొనలేదు. కాని 1865లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆ భావమునే గణితరూపమున లోకమునకు ప్రకటించెను. అప్పటికి ఫారడే జీవించియే యుండెను.

సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించి, నిరాడంబరుడుగా బ్రతికి, 1867 ఆగస్టు 25న ఆయన కన్నుమూసెను.

ఆ బాలునకు గ్రంథములను కొను స్తోమతు లేకుండెను. తెరచి చదువుకొను అవకాశము మాత్రము కలిగెను. ఆ అవకాశమును బీదసాదలకు ఊరిలోనే కల్పించుటకే గ్రామ గ్రంథాలయములు వెలసినవి. మన అరలలోని పుస్తకములను ఏ యింటి బిడ్డ తెరచునో ముందుగా ఎవ్వరికి తెలియును? కనుక తలుపులు తెరచి యుంచుట మన విధి.