ఏనుగుల వీరాస్వామయ్య

భారతదేశమున ప్రయాణికుల రైలుబండి మొదట నడచినది 1853వ సంవత్సరమున. అంతకు పూర్వము దక్షిణదేశమునుండి కాశికి పోవుట సామాన్యమైన పని కాదు. త్రోవ పొడవునను దట్టమైన అడవులును, వంతెనలు లేని నదులును, దొంగల భయమును ఉండెడివి. మన్యపు జ్వరము తగిలినచో వైద్యుడు దొరకుట అరుదు. అందుచేతనే కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును సమానమను సామెత పుట్టినది. అట్టి కాలమున కాశికి పోయి క్షేమముగా తిరిగివచ్చుటయే కాక, చూచినదానినెల్ల వ్రాసిపెట్టి తెలుగువారికి అందించిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య.

ఈయన 1780వ సంవత్సరమున జన్మించెను. తొమ్మిదవ యేటనే తండ్రిని కోల్పోయెను. కుటుంబమునకు ఆధారము లేకపోయినను బాలుడు చదువు విడువలేదు. పండ్రెండేండ్లు వచ్చునప్పటికే ఇంగ్లీషు చక్కగా చదువ నేర్చెను. తెలుగు, తమిళము, సంస్కృతము ఆయనకు బాగుగా వచ్చును. చిన్న కొలువులలో ప్రవేశించి, తన ప్రజ్ఞచేతను, నమ్మకమైన నడవడిచేతను క్రమముగా పైకి వచ్చి, తుదకు మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీ పదవి నలంకరించెను. వాది పలికిన మాట న్యాయాధిపతికిని, న్యాయాధిపతి పలికిన మాట వాదికిని మార్పు లేకుండ తెలుపుట దుబాసీ పని. ఒక్క మాట తప్పినను ఒకని ఆస్తియో, ప్రాణమో పోవును. విన్నదానిని విన్నట్లు, కన్నదానిని కన్నట్లు చెప్పు అలవాటు ఆయనకు ఈ కొలువులోనే స్థిరపడినది.

1830వ సంవత్సరము మే 18వ తేదీన వీరాస్వామయ్య కుటుంబముతోను, పరివారముతోను మదరాసునుండి బయలుదేరెను. వెంట దాదాపు నూరుమంది ఉండిరి. పల్లకీలు మోయు బోయీలు, కావడివారు, వంటవారు, సేవకులు, గుడారములు అన్నియు ఆ సమూహములో చేరియుండెను. అంతమందికి ప్రతిదినము అన్నము, నీరు, బస కుదుర్చుట ఆయన భారమే.

తిరుపతి, కడప, అహోబిలము చూచుకొని వారు నల్లమల అడవులు చేరిరి. ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలమునకు పోవు దారి మిక్కిలి కష్టమైనది. రాతిమెట్లు ఎక్కుచు దిగుచు, చెంచువారు నివసించు అడవిని దాటి పోవలెను. ఆ కాలమున శ్రీశైలము కందనూరు నవాబు ఏలుబడిలో ఉండెను. యాత్రికులవద్ద నవాబు సుంకము పుచ్చుకొనుటయు, గొప్ప ఆలయము తగిన సంరక్షణ లేక పాడుపడియుండుటయు వీరాస్వామయ్య కనిపెట్టి వ్రాసెను. భక్తితో పోయినను ఆయన కన్నులు మూసికొని పోలేదు.

కృష్ణ దాటి వనపర్తి, జడ్చర్ల మీదుగా ఆయన హైదరాబాదు చేరెను. హుస్సేనుసాగరమును, బేగంబజారును, ఆయుధములు ధరించి వీధులలో తిరుగు జనులను చూచి ఆ నగరపు తీరును వివరముగా వర్ణించెను. పిదప కామారెడ్డి, నిర్మల, నాగపురము, జబల్పూరు మార్గమున ఉత్తరమునకు సాగెను. అది వానకాలము. నల్లరేగడి నేలలో అడుగు దిగబడును. వాగు పొంగినచో నీరు తీయువరకు ఒడ్డున కాచుకొని యుండవలెను. బాటసారులతో స్నేహము చేసి, వారి మెడకు ఉరి బిగించి చంపు థగ్గులు ఆ మధ్యదేశమున తిరుగుచుండిరి. అయినను ఆయన వెనుదిరుగక మిర్జాపూరు, ప్రయాగ మీదుగా కాశి చేరెను.

పెద్ద క్షేత్రములను గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. వీరాస్వామయ్య విశేష మేమనగా, ఎవ్వరును లెక్కచేయని చిన్న యూళ్లను సైత మాయన విడువలేదు. ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఏ యూరిలో అంగళ్లున్నవి, దారి ఇసుకయా రాయియా, నదిని పడవలో దాటవలెనా కాలినడకనా అను సంగతులన్నియు దినచర్యగా వ్రాసెను. ఆయా ప్రాంతముల ఆచారములు, వేషములు, భాషలు, పంటలు కూడ ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. తన వెనుక వచ్చు బాటసారి దారి తెలియక బాధపడరాదని ఆయన కోరిక. ఈ వ్రాతలను ఎప్పటికప్పుడు మదరాసులోని తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. పండితులకు మాత్రమే తెలియు భాషలో గాక, నిత్యము మాటలాడు తెలుగులో వ్రాయుటచే ఆ గ్రంథము అందరికిని సుబోధమైనది.

గయ, పాట్నా, కలకత్తా దర్శించి, జగన్నాథము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన ఆయన మదరాసు చేరెను. యాత్రకు పదునైదు నెలలకు పైగా పట్టినది.

యాత్ర ముగిసినంతనే ఆయన పుణ్యము సంపాదించితినని ఊరకుండలేదు. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమలో ఘోరమైన కరవు వచ్చెను. ఆకలికి తాళలేక జనులు ఊళ్లు విడిచి మదరాసు దారి పట్టిరి. ఎండిన డొక్కలతో వచ్చిన ఆ నిర్భాగ్యులకు వీరాస్వామయ్య అన్నము పెట్టించెను. మజిలీ మజిలీకి నీళ్లు, గింజలు వెదకికొన్న మనిషికి, దారిలో ఆకలిగొన్నవాని బాధ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

1836 అక్టోబరు 3వ తేదీన వీరాస్వామయ్య పరలోకగతుడయ్యెను. తన గ్రంథము అచ్చులో చూచుకొను భాగ్య మాయనకు లేకపోయెను. ఆ వ్రాతలను భద్రపరచిన శ్రీనివాసపిళ్ల, మిత్రుడు పోయిన రెండేండ్లకు, 1838లో కాశీయాత్రచరిత్రను ప్రకటించి స్నేహఋణము తీర్చుకొనెను. శతాబ్దము దాటిన పిమ్మట 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని మరల ప్రకటించెను.

ఆనాటి నవాబులు లేరు, పల్లకీలు లేవు, రాజ్యముల ఎల్లలు మారిపోయినవి. కాని నాటి పల్లెలు, బాటలు, వాగులు, వాని మధ్య బ్రతికిన సామాన్యజనులు ఆ పుటలలో నిలిచియున్నారు. దేశమును ప్రేమించుట యనగా దానిని అడుగడుగున చూచి తెలిసికొనుటయే యని వీరాస్వామయ్య జీవితము చాటుచున్నది.